పచ్చన్న ఉపవాసం

నల్లగుట్ట మఠంలో చెన్నప్ప పెంచుకునే చిలుక శివరాత్రి నాడు పొద్దున్నుంచి నోరు తెరవలేదు.

దాని పేరు పచ్చన్న. మామూలు రోజుల్లో ఎవరు వాకిలి తొక్కినా "ఓం నమశ్శివాయ" అనేది. ఆ మాట నేర్పింది చెన్నప్పే. అన్నప్పుడు జామముక్క పెట్టేవాడు. అనకపోతే గిన్నె తీసేసేవాడు. ఎగిరిపోతుందేమోనని రెక్కల ఈకలు కూడా తనే కత్తిరించాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి విని, "చిలక్కే ఇంత భక్తి పట్టించినాడంటే వాడెంత వాడో" అనుకుంటుంటే, తల వంచుకుని లోలోపల నవ్వుకునేవాడు.

ఆ సాయంత్రం అతనికి ఉపదేశం. ఏడాదిగా దానికోసమే కాచుకుని ఉన్నాడు. మఠంలో ఒక కట్టుబాటు ఉంది. ఉపదేశం తీసుకోబోయేవాడు ముందురోజు పొద్దు గుంకినప్పటి నుంచి మంత్రం చెవిన పడేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. ఒక్క గింజ నోట పడ్డా మళ్ళీ శివరాత్రి దాకా ఆగాల్సిందే.

చెన్నప్ప తనతోపాటు పచ్చన్నకూ ఉపవాసం పెట్టాడు.

"మఠం చిలుక కదా. దానికీ ఇంత పుణ్యం రానీ" అన్నాడు ఓబులేసుతో. ఓబులేసు అతనికంటే ముందు మఠంలో చేరినవాడు, ఉపదేశం ఎప్పుడో అయినవాడు.

"దాన్ని అడిగినావా?" అన్నాడు ఓబులేసు.

"నీకు చెవులు కుట్టేటప్పుడు నిన్ను అడిగినారా?"

"నేను ఏడ్చినాను లే. అదీ ఏడుస్తాందేమో చూడు."

చెన్నప్ప పట్టించుకోలేదు. కానీ సాయంత్రం కావచ్చేసరికి చిలుక ఒళ్ళంతా ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి, పంజరంలో ఒక మూల కూచుంది. అతనికి భయం పట్టింది. తలుపు తీసి చెయ్యి లోపలికి పెట్టాడు. పచ్చన్న రక్తం వచ్చేట్టు వేలు కొరికింది. అతను చెయ్యి లాక్కునేలోగా సందులోంచి దూకి, కొంత ఎగిరి కొంత పాకి, ప్రహరీ మీదికి చేరింది. నాపరాళ్ళ గోడ అది, రెండాళ్ళ ఎత్తు. అవతల లోయ.

పైన డేగ తిరుగుతోంది.

చెన్నప్ప పరుగెత్తి దోరజామకాయ తెచ్చి పైకి చాచాడు. "రా పచ్చన్నా. రా నాయనా." చిలుక ఒక మూర అవతలికి జరిగింది. నిచ్చెన తెచ్చి ఎక్కితే గోడ చివరికంటా పోయింది. ఇంకొక్క అడుగు వేస్తే లోయ. ఆ రెక్కలు దాన్ని మొయ్యవు.

"నిచ్చెన దిగు" అన్న మాట కింద నుంచి వినిపించింది.

ఆ మాట మఠం గురువమ్మ ఈరమ్మది. కర్ర ఆనించుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"డేగ ఉందమ్మా."

"చూసినాను. దిగు."

దిగాడు.

"అది మేత తిని ఎంతసేపయింది?"

"నిన్న పొద్దు గుంకినప్పటి నుంచి లేదమ్మా. ఉపవాసం..."

"నీది కాదురా అడిగేది."

"దానిదే చెప్తాండా."

ఆమె తన వెనకే వచ్చిన ఓబులేసు వైపు చూసింది. ఓబులేసు నేల చూపులు చూశాడు.

"పిలిస్తే రావాల కదమ్మా" అన్నాడు చెన్నప్ప. "రెక్కలు రాని పిల్లప్పటి నుంచి సాకినాను. నా చేతి తిండి తప్ప ఇంకోటి ఎరగదు."

"ఔ. నీ చెయ్యి దానికి బాగా తెలుసు."

గురువమ్మ గోడ కింద నేల మీదే కూచుంది. అతన్నీ కూచోమంది. అతని చేతిలోని జామకాయ తీసుకుని, రాతికేసి కొట్టి రెండు చేసింది. చిన్న ముక్క నోట్లో పెట్టుకుంది.

ఓబులేసు నిలబడ్డచోటే నిలబడిపోయాడు. శివరాత్రి నాడు గురువమ్మ ఏదైనా నోట్లో వేసుకోగా చూసినవాళ్ళు మఠంలో లేరు.

ఆమె కాసేపు చప్పరించింది. "నాకు పళ్ళు లేవురా. చప్పుడు రాదు. కొరికే చప్పుడు దానికి వినపడాల. పక్కన ఇంకొకటి తింటాంటేనే చిలకలకు ధైర్యం" అని పెద్ద ముక్క అతని చేతిలో పెట్టింది.

చెన్నప్ప ఆ ముక్క కేసి చూశాడు. పొద్దు వాలుతోంది. లోపల దీపాలు సర్దుతున్నారు.

"అమ్మా, ఇంకెంతోసేపు లేదు. ఓబులేసు తింటే..."

"వాడు దానికి ఏమవుతాడు?"

"ఏడాదంతా కాచుకున్నానమ్మా."

"కాచుకున్నావు."

డేగ ఒక చుట్టు కిందికి దిగింది. దాని నీడ గోడ మీదుగా జారిపోయింది. చిలుక ముడుచుకుపోయింది. అరిచే ఓపిక కూడా దానికి లేనట్టుంది.

చెన్నప్ప జామముక్క కొరికాడు.

వెంటనే తలెత్తి చూశాడు. చిలుక వెనక్కి జరిగింది.

"పైకి చూడకు" అంది గురువమ్మ. "అట్ల రెండు కళ్ళూ పెట్టి చూసేది డేగ."

తల దించుకుని నమిలాడు. ఏడాది పొడుగునా కలగన్న సాయంత్రం పళ్ళ కింద కరకరలాడుతోంది. మొదటి ముక్క గొంతు దిగలేదు. రెండోది దిగింది. ఆ తర్వాత ఆకలి లేచింది. చిలుకనూ డేగనూ మరిచి, గింజలతో సహా తినసాగాడు.

రాతి మీద గోళ్ళు గీరిన చప్పుడయింది. అతను నమలడం ఆపాడు. చప్పుడూ ఆగింది. గురువమ్మ మోచేత్తో పొడిచింది. మళ్ళీ నమిలాడు.

పచ్చన్న ముక్కుతో రాళ్ళ సందులు పట్టుకుంటూ దిగుతోంది. చివర పట్టు తప్పి నేల మీద పడింది. చెన్నప్ప చెయ్యి దానంతటదే లేచింది. గురువమ్మ కర్ర ఆ మణికట్టు మీద ఆనింది. చెయ్యి కిందికి దిగింది.

చిలుక పక్కవాటుగా, ఒక కంట అతన్ని చూస్తూ మోకాలి దాకా వచ్చి ఆగింది. ఆ క్షణాన రెక్కల చప్పుడుతో నీడ వాకిలి మీద పడింది. పచ్చన్న ఒక్క దూకున అతని ఒళ్ళోకి వచ్చి పంచె మడతల్లో దూరింది. ఓబులేసు కండువా తిప్పుతూ ముందుకు ఉరికాడు. డేగ గోడ దాటి లోయలోకి పోయింది.

చెన్నప్ప కదల్లేదు. తొడ మీద చిలుక గుండె టకటకా కొట్టుకోవడం తెలుస్తోంది. చాలాసేపటికి మడతల్లోంచి ముక్కు బయటికి వచ్చి, అతని చేతిలో మిగిలిన జామముక్క అంచు అందుకుంది.

లోపల శంఖం ఊదారు.

ఉపదేశానికి వచ్చిన మిగతావాళ్ళు కాళ్ళు కడుక్కుని లోపలికి పోతున్నారు. గురువమ్మ కర్ర పట్టుకుని లేచింది. చెన్నప్ప నోట్లో జామముక్క ఉంది. మింగాలో ఉమ్మాలో అతనికి తెలియలేదు.

"అమ్మా, మరి నా ఉపదేశం?"

ఆమె గడప దగ్గర ఆగింది.

"మాట్లాడకు. నములు" అంది. "అది ఇంకా తింటాంది."