పైడి రాసిన కారణం

అనగనగా ఒక ఊళ్ళో, ఊఁ కొడుతున్నావా, పైడి అని ఒక పిల్ల ఉండేది. దానికి అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. అలాంటి పిల్లలకి ఇళ్ళు వెతికిపెట్టే ఆఫీసు ఒకటి ఆ ఊళ్ళో ఉండేది. ఎవరైనా చూసుకుంటామంటే పిల్లని పంపేవారు. వద్దనుకుంటే తిరిగి తెచ్చి, ఎందుకు వద్దో ఒక కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం పిల్లతోపాటే తర్వాతి ఇంటికి వెళ్ళేది.

పైడికి పదిహేనేళ్ళు వచ్చాయి. అప్పుడు పంపిన మొదటి ఇంటి పెద్దమ్మ పప్పు రుబ్బుతూ, "పెద్దయ్యాక ఎలాంటి మొగుడు కావాలే నీకు?" అని సరదాగా అడిగింది. పైడికి దాపరికం తెలీదు. "నాకు మొగుడొద్దు పెద్దమ్మా. నాకు అమ్మాయిలంటేనే ఇష్టం" అంది. పెద్దమ్మ చెయ్యి పొత్రం మీదే ఆగిపోయింది.

మూడోనాటికి పైడి మళ్ళీ ఆఫీసులో ఉంది. పెద్దమ్మ చెడ్డదేం కాదమ్మా, పిరికిది. అసలు సంగతి రాస్తే పిల్ల పరువు పోతుందని, "చేతివాటం ఉంది" అని రాసింది. పరువు కాపాడ్డానికి పిల్లని దొంగని చేసింది. చూశావా దాని తెలివి.

అప్పుడు పైడి రెండో ఇంటికి వెళ్ళింది. అక్కడ బీరువాకే కాదు, పోపుల డబ్బాకి కూడా తాళం వేశారు. ఎందుకో పైడికి తెలీలేదు. అయినా ఓర్చుకుంది. ఒకరోజు ఆ ఇంటి మావయ్య అదే ప్రశ్న అడిగాడు. ఇది అదే జవాబు చెప్పింది. ఆయన "పారిపోయే గుణం ఉంది" అని రాశాడు.

ఆ తర్వాత మూడో ఇల్లు. అక్కడ బయటినుంచి గడియ పెట్టేవారు. సంగతి తెలిశాక ఆ ఇంటి మామ్మ పూజలు చేయించింది, తాయెత్తు కట్టించింది. "మారానని ఒక్క మాట చెప్పు, ఉండిపో" అంది. పైడికి ఉండిపోవాలనే ఉంది. ఇల్లంటే ఎవరికి చేదు? కానీ అబద్ధం చెప్పడానికి దానికి నోరు రాలేదు. మామ్మ "మతి చలించింది" అని రాసిచ్చింది.

ఆఫీసులో మేడమ్ ఆ కాగితం పైకి చదువుతుంటే పైడి వింది. మిగతా రెండూ కూడా లాక్కుని చదివింది. అప్పుడు కుర్చీ జరుపుకుని మేడమ్ ఎదురుగా కూర్చుంది.

"నేను దొంగని కాదు. నేను పారిపోలేదు, వాళ్ళే పంపేశారు. నా మతి నిక్షేపంలా ఉంది. ఉన్నది రాయండి మేడమ్."

"ఉన్నది రాస్తే నీకు ఇల్లు దొరకదే, పిచ్చిదానా."

"అబద్ధం రాస్తే రెండు దొరికాయి. ఒక్కటైనా నిలిచిందా?"

పైడి తనే కలం తీసుకుని మూడు మాటలూ కొట్టేసింది. చివరి కాగితం కింద తన చేత్తో రాసింది: "నాకు అమ్మాయిలంటే ఇష్టం. అది చెప్పినందుకు పంపేశారు. మళ్ళీ అడిగితే మళ్ళీ చెబుతాను."

ఆ కాగితం చూసి, వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. పైడి ఆ ఆఫీసువాళ్ళ హాస్టల్లోనే ఉండిపోయింది. ఏడ్చింది కూడా, ఎందుకు ఏడవదు? కానీ కాగితం మాత్రం మార్చనివ్వలేదు.

అప్పుడొచ్చింది బస్సు కండక్టరు గవరమ్మ. ఒంటరి మనిషి, గట్టి గొంతు. కాగితం రెండుసార్లు చదివింది. "మూడిళ్ళు పోయినా మాట మార్చని పిల్ల. ఇలాంటి మనిషి మా ఇంట్లో ఉండాలి" అని, పైడి సంచీ తనే భుజాన వేసుకుంది.

వారం తిరక్కుండా వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు చేరారు. "పిల్ల ఎదిగొచ్చింది, పెళ్ళెప్పుడు చేస్తావే గవరమ్మా?" అని ఆరా తీశారు. పైడి ఈ ఇల్లు కూడా పోయిందనుకుంది.

గవరమ్మ బిందె కింద పెట్టింది. బస్సులో టికెట్లు అడిగే గొంతుతో, వీధి వీధంతా వినేలా చెప్పింది. "ముందు దాని చదువవ్వాలి. ఆ తర్వాత దానికి నచ్చిన అమ్మాయి దొరకాలి. అప్పుడు చేస్తాను. అందరూ వచ్చి భోంచేసి వెళ్ళండి."

పైడి రెండో బిందె చంకనెత్తుకుని, తలెత్తుకుని నడిచింది.

కథ నడిచింది కంచికి,
పైడి నడిచింది ఇంటికి,
నిజం చెప్పిన నోటికి
భయం లేదు ఏనాటికి.