తాయారు కుట్టిన రవిక

అప్పలాచార్యులవారు సందేహానికి వాదంతో బదులు చెప్పేవారు కారు. భీమునిపట్నంలో వారింటి ముందుగదిలో ఆదివారం పాఠం ముగిశాక మాలో ఎవరైనా ఏదైనా అడిగితే, కాసేపు వీధివైపు చూస్తూ కూర్చుని, తాము ఎరిగినవారిలో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. అందులోంచి ఎవరికి కావలసింది వారు పట్టుకుపోవాలి.

ఒక ఆదివారం పేర్రాజు అడిగాడు. అతను బస్సు డిపోలో గుమాస్తా, నలభై అయిదేళ్లవాడు. పెళ్లికి ముందు రోజూ పొద్దున్నే ధ్యానానికి కూర్చునేవాడట. సంసారంలో పడి వదిలేశాడు. ఆ వేసవిలో మళ్లీ మొదలుపెట్టాడు గాని, కళ్లు మూసుకున్న పది నిమిషాలకే పాలవాడు పిలిచేవాడు, లేకపోతే తల్లికి నలతగా ఉండేది, లేకపోతే డిపో నుంచి ఫోను వచ్చేది. మూడు నెలల్లో ఒక్కరోజు కూడా తెగకుండా సాగలేదని చెప్పుకుని, తలవంచుకుని అన్నాడు: "ఇలా ముక్కలు ముక్కలుగా చేయడం కన్నా మానేయడమే మర్యాదేమో అనిపిస్తోందండీ. బాధ్యతలు తీరాక, తీరిగ్గా, ఒక పద్ధతిగా చేసుకోవచ్చు గదా?"

"విజయనగరంలో మా పిన్ని కూతురు తాయారు ఉంది," అంటూ మొదలుపెట్టారు ఆచార్యులవారు.

తాయారుకు చిన్నప్పటినుంచి కుట్టుపని అంటే ప్రాణం. ఎవరికో కుట్టిపెట్టి సంపాదించాలని కాదు. చదునుగా పడివున్న గుడ్డ భుజాలూ చేతులూ తెచ్చుకుని లేచి నిలబడటం చూడటం ఆమెకు ఇష్టం. కాపురానికి వస్తూ మిషను వెంట తెచ్చుకుంది. బిడ్డ పుట్టాక, ఆ చప్పుడుకు పసివాడు ఉలిక్కిపడుతున్నాడని అత్తగారు ఆండాళమ్మ దాన్ని మూసెయ్యమంది. తాయారు మూసేసింది. పిల్లవాడు పెద్దవాడై పాలిటెక్నిక్‌లో చేరాడు గాని, మళ్లీ తెరవమని ఎవరూ అనలేదు, తెరుస్తానని తాయారూ అడగలేదు. పదిహేడేళ్లపాటు మిషను మీద దుప్పటి, దుప్పటి మీద పాత పేపర్లు, మందుల డబ్బా ఉండిపోయాయి. అత్తగారితో ఆమె ఏనాడూ పోట్లాడలేదు. అలాగని ఆ మాట మరిచిపోనూ లేదు.

ఈలోగా ఆండాళమ్మకు కళ్లలో నీటికాసుల జబ్బు వచ్చి చూపు చాలావరకు పోయింది. గోడ తడుముకుంటూ ఇంట్లో తిరిగేది. మిగిలిన మసక వెలుతురైనా నిలవాలంటే పూటపూటకూ కంట్లో చుక్కలు వెయ్యాలి, నెలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ పనులన్నీ తాయారువే.

ఒకరోజు అత్తగారి పింఛను కాగితం కోసం ఇనప్పెట్టె వెతుకుతుంటే అడుగున పసుపు మీద ఎర్రచుక్కల గుడ్డ కనబడింది. ఎప్పుడో ముచ్చటపడి రవికకని కొనుక్కున్నది. మడతల దగ్గర కాస్త రంగు వెలిసిందే గాని గుడ్డ గట్టిగానే ఉంది. తాయారు కాగితం సంగతి మరిచి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మర్నాడు మందుల డబ్బా తీసి అలమరలో పెట్టి, మిషను తుడిచింది. సూది తుప్పు పట్టింది, బెల్టు సాగిపోయింది. బజారుకు వెళ్లి సూదులు, నూనె కొనుక్కుని, బెల్టు బిగించుకుని, పాత చీర ముక్క మీద ఒక వరస కుట్టింది. అది వంకరగా వచ్చింది. అయినా, కాలికింద పెడలు ఊగడం మొదలుపెట్టగానే తన ఒంట్లోకి ఎవరో పాత స్నేహితురాలు వచ్చి కూర్చున్నట్టు అనిపించిందని తరవాత ఆచార్యులవారితో చెప్పింది.

రవిక కత్తిరించుకుంది. కుట్టడం మాత్రం సాగలేదు. రవిక చెయ్యి కుట్టడం మొదలుపెట్టగానే గ్యాసు బండ వచ్చేది. లేచి వెళ్లి వచ్చి కూర్చుంటే, చుక్కల వేళయ్యేది. రేషన్ దుకాణం తెరిచారని పక్కింటావిడ కేకేసేది. భర్త రైల్వేలో షిఫ్టు పని, ఏ వేళకు వస్తే ఆ వేళకు భోజనం పెట్టాలి. మిషను ఉన్నది హాలునుంచి వంటింటికి వెళ్లే దారిలో. గుడ్డను సూదికింద అలాగే వదిలి లేస్తే, తడుముకుంటూ వచ్చే ఆండాళమ్మ చెయ్యి సూదికి తగులుతుందని భయం. అందుకని లేచిన ప్రతిసారీ కుట్టు ఊడిపోకుండా గుడ్డ తిప్పి, కుట్టిన దారినే వెనక్కి నాలుగు కుట్లు వేసి, దారం తెంపి, గుడ్డ మడిచి పైన పెట్టేది. ఒక్క పూట పని అయిదు వారాలు పట్టింది.

ఆ రవికకు మిషను పని పూర్తయిన రోజున ఆచార్యులవారు ఆండాళమ్మను చూడటానికి వెళ్లారు. పెద్దావిడ వరండాలో కుర్చీలో ఉంది. తాయారు గడప మీద కూర్చుని, బ్లేడుతో ఆ రవిక కుట్లు విప్పబోతోంది. ఏమమ్మా అని అడిగితే సిగ్గుపడింది. లోపలివైపు తిప్పి చూపించింది. రెండంగుళాలకొకచోట దారం ముద్దకట్టి, వరస అంతా బొడిపెలు బొడిపెలుగా ఉంది. నలుగురిలో చూపించేలా లేదని, విప్పేసి సందు చివర టైలరు చేత సాఫీగా కుట్టించుకుంటానని, తనకిక ఈ సరదా నప్పదని అంది.

దారం పుటుక్కుమన్న చప్పుడు విని ఆండాళమ్మ చెయ్యి చాపింది. "ఇలా ఇయ్యి" అంది.

రవిక ఒళ్లో పరుచుకుని వేళ్లతో తడమడం మొదలుపెట్టింది. భుజం దగ్గర ఒక బొడిపె తగిలితే ఆగింది. చేతి వరసలో మరొకటి, పక్క వరసలో మరో నాలుగు. ఇదేమిటని అడిగింది. లేవవలసి వచ్చినప్పుడల్లా వేసిన ముడి కుట్లని తాయారు చెప్పింది. ఆవిడ మళ్లీ మొదటికి వచ్చి, ఒక్కొక్కదాని మీదా వేలు ఆనిస్తూ కదిలింది. ఒకచోట చాలాసేపు ఆగి, ఇది నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజుదా అని అడిగింది. ఏమోనంది తాయారు. చివరిదాకా వెళ్లి, రవిక వదలకుండానే ఆవిడ అంది:

"ఇన్నిసార్లు లేపామా అమ్మా నిన్ను?"

పదిహేడేళ్లుగా తాయారు ఎదురుచూసిన మాట అది. ఆ మాట వస్తే ఏమేమి చెప్పాలో ఎన్నోసార్లు మనసులో అనుకుని పెట్టుకుంది కూడా. తీరా వచ్చేసరికి, ఆ ముడుల మీద ఆగివున్న ముడతల వేళ్లను చూస్తూ, ఆమె నోట వేరే మాట వచ్చింది.

"ఇన్నిసార్లు వచ్చి కూర్చున్నాను, అత్తయ్యా."

అన్నాక తన మాటకు తనే ఆశ్చర్యపోయింది. బ్లేడు కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. కళ్లు తుడుచుకుని, చుక్కల వేళయిందని లేవబోతే, ఆండాళమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"హుక్కులు ఇంకా కుట్టలేదుగా, కుట్టేసుకుని రా," అంది. "పావుగంటలో నా కళ్లు ఎక్కడికీ పోవు."

ఆచార్యులవారు అంతటితో ఆగారు. మాలో ఒకరు, తాయారు ఆ రవిక తొడుక్కుందా అని అడిగారు. తొడుక్కుందని, మేనల్లుడి ఒడుగుకు దానితోనే వచ్చిందని చెప్పారు.

పేర్రాజు మెల్లగా అడిగాడు. "ఇప్పుడావిడకి తీరిక చిక్కుతోందాండీ?"

"మొన్న వెళ్లాను," అన్నారు ఆచార్యులవారు. "ఇంకో గుడ్డ మొదలుపెట్టింది. మధ్యలో లేచి నాకు కాఫీ ఇచ్చి, మళ్లీ వెళ్లి కూర్చుంది."