మిట్టమధ్యాహ్నం డిన్నరు

తెల్లదొరలు మనవైపు బంగళాలు కట్టుకున్న కాలంలో ఒక చినదొర ఉండేవాడు. వాడి పేరు రాయడం సిరా దండగ. వాడి కొరడా దెబ్బలకు పాత వంటవాడు మంచాన పడితే, ఆ వంటింట్లోకి పైడయ్య వచ్చాడు.

ఒకరోజు తన పై అధికారి అయిన పెద్దదొరను డిన్నరుకు పిలిచి, చినదొర బాతుల వేటకు పోయాడు. మధ్యాహ్నం పెరటిదారిన తిరిగొచ్చి చూస్తే పొయ్యిమీద కోడి వేగుతోంది.

"ఏమిట్రా ఇది?"

"డిన్నరండి బాబూ."

"డిన్నరంటే రాత్రి భోజనంరా గాడిదా!" అని కొరడా తీశాడు.

పైడయ్యకు పాతవాడి వీపు కళ్ళముందు మెదిలింది. చేతులు కట్టుకున్నాడు.

"దొరల దేశంలో కొన్ని ఊళ్ళలో మధ్యాహ్నం తిండినే డిన్నరంటారటండి..."

"అలా అనేవాడు ఉత్త మోటు వెధవ! ఎవడైనా సరే, చర్మం ఒలిచేస్తాను!"

"ఎవరైనానా బాబూ?"

"ఎవడైనా! నా మాటంటే మాటే!"

"అయితే ముందు నన్ను కొట్టెయ్యండి. రెండోవారిని కొడుతుంటే చూసే ధైర్యం నాకు లేదు."

"రెండోవాడెవడురా?"

"పెద్దదొరగారండి. డిన్నరుకు పిలిచారుగదా, ఇప్పుడే వచ్చి హాల్లో కూర్చున్నారు. ఆకలేస్తోంది, త్వరగా డిన్నరు పెట్టమన్నది వారే."

హాల్లోంచి గట్టిగా దగ్గు వినిపించింది.

చినదొర ముఖం సున్నం కొట్టినట్టయింది. కొరడాను కట్టెల్లో దోపేసి, కోడి పళ్ళెం తానే ఎత్తుకుని, "డిన్నరు సిద్ధమండి!" అంటూ హాల్లోకి పరుగెత్తాడు.

హాల్లో కుర్చీ జరిగిన చప్పుడు వినేదాకా పైడయ్య ఆగాడు. ఆ తర్వాత కట్టెలతోపాటు కొరడానూ పొయ్యిలోకి తోశాడు.