ఉస్తాద్ ఇచ్చిన చిన్న కారు

చెంగల్రాయులుకు ఆ వారమంతా అన్నం సయించలేదు. మదనపల్లె టమాటా మండీలో పేరున్న వ్యాపారి. ఇంట్లో అందరూ కులాసాగానే ఉన్నారు. విచారమల్లా ఒక కారు గురించి. మార్కెట్లో మిగిలిన ఆ ఒక్క తేలికపాటి చిన్న కారునూ ఇక తయారు చేయబోమని కంపెనీ ప్రకటించింది.

ఆదివారం పొద్దున్నే ఉస్తాద్ ఇంటికి వెళ్ళాడు. ఖాదర్ బాషా ఉస్తాద్ ఒకప్పుడు ర్యాలీల్లో కార్లు తోలినవాడు. హార్స్‌లీ కొండ ఘాట్ రోడ్డు మీద ఆయన దగ్గర స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్ళందరిలోకీ చెంగల్రాయులు గొంతు పెద్దది.

"అన్యాయం ఉస్తాద్!" అన్నాడు కూర్చోకముందే. "అందరూ ఏనుగుల్నే చేస్తాండారు. తలుపు వేస్తే బీరువా మూసినట్టుంటాది. మలుపు తిప్పితే చేతికి ఏమీ తెలీదు. మామూలోడు కొనుక్కొని సరదాగా తోలుకొనే కారే లేకుండా చేసినారు. ఆ కంపెనీవాడు ఎదురుపడితే చొక్కా పట్టుకొని అడుగుతా!"

ఉస్తాద్ వీధిలోకి చూశాడు. చెంగల్రాయులు దిగివచ్చిన కారు సందునంతా ఆక్రమించి నిలబడి ఉంది. పాలవాడు సైకిలెత్తి భుజాన పెట్టుకొని, గోడకు అంటుకుపోయి దాటుతున్నాడు.

"అది... ఇంట్లోవాళ్ళ కోసం," అని నసిగాడు చెంగల్రాయులు.

ఉస్తాద్ చూపు పెరటివైపు తిరిగింది. మోకాళ్ళు అరిగిపోయి ఆయన క్లచ్ తొక్కడం మానేసి చాలా కాలమైంది. ఆయన పాత చిన్న కారు పెరట్లో రేకుల కింద ఉంది. తుక్కు కొనేవాడు అప్పుడప్పుడూ వచ్చి దానివైపు ఆశగా చూసిపోతున్నాడు. ఉస్తాద్ లోపలికి వెళ్ళి తాళం తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"తోలినంత కాలం నీది. తోలకుండా నిలబెట్టినావంటే తుక్కువాడికి ఇచ్చేస్తా."

చెంగల్రాయులు ఆయన కాళ్ళకు మొక్కి, సందులోని పెద్ద కారును ఇంటికి పంపేసి, అటునుంచి అటే కొండ ఎక్కాడు. కారు ఎక్కినట్టు లేదు, తొడుక్కున్నట్టుంది. చక్రం కింద రాయి పడితే అరచేతికి తెలుస్తోంది. ప్రతి మలుపులోనూ ఒక్కడే కేకలు పెట్టాడు.

ఆ సంబరం ఇల్లు చేరేదాకా ఉంది.

భార్య రేణుక ఒకసారి ఎక్కి దిగి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఇంకోసారి నన్ను ఈ పెనం మీద కూర్చోబెట్టొద్దు," అంది. ఏసీ పెట్టించాడు. అయినా ఆమె మళ్ళీ ఎక్కితే ఒట్టు. పాటలు లేకుండా ప్రయాణం ఎట్లా అన్నాడు బావమరిది. డిక్కీలో స్పీకర్ల పెట్టె చేరింది. ఇంతలో మండీలో పుకారు పుట్టింది, చెంగల్రాయులన్న దివాలా తీసినాడంట, కారు చూడలేదా అని. రైతులు టమాటా లోడ్లు పక్క మండీకి తిప్పారు. పరువు నిలబెట్టుకోవడానికి పెద్ద పెద్ద చక్రాలు, ముందు ఇనుప గార్డు బిగించాడు. తలుపులు రేకు డబ్బాల్లా మోగుతున్నాయని లోపల మందపాటి అట్టలు వేయించాడు. పైన క్యారియర్ ఎందుకు పెట్టించాడో తనకే గుర్తులేదు.

మళ్ళీ ఘాట్ ఎక్కితే సగం కొండకే కారు రొప్పసాగింది. ఏసీ ఆపాడు. రెండో గేరుకు దించాడు. ఒకటో గేరుకు దించాడు. వెనక బస్సువాడు హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయి పక్కనుంచి దాటుతుంటే, కండక్టరు తల బయటపెట్టి ఎంతో మర్యాదగా అడిగాడు. "తొయ్యాల్నా అన్నా?"

చెంగల్రాయులు కారు వెనక్కి తిప్పి నేరుగా ఉస్తాద్ ఇంటి ముందు ఆపాడు.

"ఉస్తాద్, మీ కారులో పస అయిపోయింది. ఇంజనులో ఏదో లోపం."

ఉస్తాద్ కర్ర ఊతంతో కారు చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. ఇనుప గార్డును కర్రతో ఒకసారి తట్టాడు. క్యారియర్ వైపు తలెత్తి చూశాడు. డిక్కీ తెరిచాడు, మూశాడు. ఆ తర్వాత ఇంట్లోని భార్యను కేకేశాడు.

"జైబూ! మంచి కప్పులు తియ్యి, చాయ్ పెట్టు. కారు కంపెనీ వాళ్ళొచ్చినారు!"

చెంగల్రాయులు గబుక్కున వెనక్కి తిరిగి చూశాడు. సందులో ఎవరూ లేరు.

మళ్ళీ ఉస్తాద్ వైపు తిరిగాడు. ఉస్తాద్ తననే చూస్తున్నాడు. చెంగల్రాయులు చెయ్యి దానంతటదే చొక్కా కాలరు మీదికి పోయింది.

చాయ్ తాగాక స్పానర్ అడిగాడు. గార్డు ఊడింది, తలుపుల్లోని అట్టలు బయటికొచ్చాయి, క్యారియర్ దిగింది, స్పీకర్ల పెట్టె అరుగెక్కింది. ఏసీ దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

"ఇదొక్కటీ ఉంచుకోనా ఉస్తాద్? రేణుక..."

"ఆ బిడ్డ ఎక్కుతానంటే ఉంచుకో."

చెంగల్రాయులు మెకానిక్కును పిలిపించి అదీ తీయించాడు. పాత చక్రాలు వెతికి తెచ్చి వేయించేసరికి పొద్దు వాలింది. వాకిట్లో పడిన కుప్ప కారుకన్నా ఎత్తుగా ఉంది.

ఉస్తాద్‌ను పక్కన కూర్చోబెట్టుకొని కొండ ఎక్కాడు. కారు లేగదూడలా దూకింది. చెంగల్రాయులు ఆనందం పట్టలేకపోయాడు.

"చూస్తాండారా ఉస్తాద్! కారంటే ఇదీ! ఈ సంగతి కంపెనీలకు ఏం తెలుసు? కొనే జనాలకైనా తెలుసునా? నన్నడిగితే నేనేమంటానంటే..."

"ఆగు," అన్నాడు ఉస్తాద్, కళ్ళు మూసుకొని చెవి రిక్కించి. "ఇంకా ఏదో బరువు మిగిలింది."

చెంగల్రాయులు కంగారుగా అద్దంలో వెనకసీటు చూశాడు. ఖాళీగా ఉంది.

"ఏది ఉస్తాద్? స్టెప్నీనా?"

"నోరు."