వ్యాసపీఠం మీది కారు పుస్తకం

అచలానందస్వామి ప్రశ్నకు జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆ సంగతి తెలిసి కూడా, మఠంలో గ్రంథాలయం చూసుకునే త్రివిక్రముడు ఒక సోమవారం ఉదయం ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “స్వామీ, ఉపనిషత్తులు మూడుసార్లు చదివాను. ఇరవై ఏళ్ల నాటి కోపం, భయం ఎక్కడివక్కడే ఉన్నాయి. చదివినదంతా ఏమైపోతోంది?”

“మన కారు కదలనంటోంది నాయనా,” అన్నారు స్వామి. “గురువారం పొద్దున నాంచారమ్మకు బెజవాడలో కంటి ఆపరేషను. ముందు దాని సంగతి చూడు.”

నాంచారమ్మ మఠంలో ముప్పై ఏళ్లు వంట చేసిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి బస్సు మెట్టు ఎక్కలేదు. ఈ గురువారం తప్పితే ఆ డాక్టరు మళ్లీ ఆరు నెలలకు గానీ రాడు. కారు చూస్తే ముసలిది, దాన్ని ముట్టుకునే మెకానిక్కు చుట్టుపక్కల ఒక్కడూ మిగల్లేదు.

త్రివిక్రముడికి కారు నడపడం వచ్చు గానీ స్పానరు పట్టి ఎరగడు. అతనికి తోచింది ఒక్కటే. దీనికీ ఒక పుస్తకం ఉండే ఉంటుంది! వెంటనే బెజవాడ వెళ్లి పాత పుస్తకాల కొట్లు గాలించాడు. నాలుగో కొట్లో, పోటీ పరీక్షల గైడ్ల అడుగున దొరికింది. ఎవరి కారు వారే ఇంట్లో బాగుచేసుకునే విధానం, బొమ్మలతో సహా, అదీ తెలుగులో! అట్ట మీద అచ్చం మఠం కారే. ఒళ్లు పులకరించిపోయింది. “దీన్నడిగినోళ్లు ఇన్నేళ్లలో మీరేనండీ,” అని కొట్టాయన అంటున్నా వినిపించుకోకుండా పుస్తకాన్ని కళ్లకద్దుకున్నాడు. తిరుగు బస్సులో చదువుతూ చదువుతూ దిగాల్సిన ఊరు దాటిపోయాడు. రెండు మైళ్లు వెనక్కి నడిచాడు, అదీ చదువుకుంటూనే.

మఠం చేరగానే పుస్తకానికి అట్ట వేసి, వసారాలో వ్యాసపీఠం మీద ఉంచాడు. చేతులు కడుక్కుని ఒక పేజీ చదవడం, కారు దగ్గరికి పరుగెత్తడం, స్క్రూ తిప్పడం, అనుమానం రావడం, మళ్లీ కుంకుడురసంతో చేతులు తోముకుని పుస్తకం దగ్గరికి రావడం. బుధవారం మధ్యాహ్నానికి మూడో అధ్యాయం మొత్తం కంఠతా వచ్చేసింది. కారు మాత్రం దగ్గనైనా దగ్గలేదు.

అరుగు మీద కూర్చున్న నాంచారమ్మ అడిగింది. “బాబూ, బండి కదులుద్దా? మునిమనవడు పుట్టి నాలుగు నెలలైంది. ఆడి మొహం ఎట్టా ఉంటదో చూడాలయ్యా.”

త్రివిక్రముడు బానెట్ కింద నుంచి తల ఎత్తాడు. “పుస్తకంలో ఉన్నదే చేస్తున్నానమ్మా,” అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు స్వామి వచ్చారు. వ్యాసపీఠం మీది పుస్తకాన్ని తీసుకెళ్లి, బానెట్ కింద ఇంజను పక్కనే తెరిచి పెట్టారు.

“స్వామీ, మరక పడుతుంది!”

స్వామి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు. గాలికి పేజీ లేచింది. త్రివిక్రముడి ఒక చేతిలో స్క్రూడ్రైవరు, రెండో చేతి నిండా గ్రీజు. తటపటాయించాడు. నాంచారమ్మ కారు వైపే చెవి పెట్టి వింటోంది. ఇక లాభం లేదని బొటనవేలితో పేజీని అదిమిపట్టాడు. నల్లగా ముద్ర పడింది. ఆ ముద్ర పక్కన బొమ్మ, బొమ్మ పక్కన ఇంజను, రెండూ ఒక్క చూపులో కనబడ్డాయి. నా తెలివి తెల్లారినట్టే ఉందనుకున్నాడు. రెండు రోజులుగా తను తిప్పుతున్నది పక్క స్క్రూ!

అసలు స్క్రూ వదులు చేసి, పుస్తకం చెప్పినట్టు రెండు పాయింట్ల మధ్య అగ్గిపెట్టె అట్టముక్క దూరేంత సందు ఉంచి బిగించాడు. సెల్ఫ్ కొట్టాడు. ఒకసారి దగ్గింది, రెండోసారి వణికింది, మూడోసారి అందుకుంది! మఠం కాకులన్నీ లేచిపోయాయి. త్రివిక్రముడు పంచె ఎగ్గట్టి గంతులు వేశాడు. నాంచారమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

గురువారం పొద్దున ఆమె వెనక సీట్లో కూర్చున్నాక, త్రివిక్రముడు పుస్తకం పట్టుకుని స్వామి దగ్గరికి వచ్చాడు. అట్ట చిరిగింది, పేజీకో వేలిముద్ర. “పాడుచేశాను స్వామీ,” అన్నాడు. మొహంలో సంతోషం మాత్రం దాగడం లేదు.

స్వామి ఒడిలో అప్పటికే మరో పుస్తకం ఉంది. త్రివిక్రముడు మూడుసార్లు చదివిన ఉపనిషత్తులు. పట్టుగుడ్డ విప్పి, ఒక్కొక్క పేజీ తిప్పుతూ నిదానంగా చూశారు.

“దీన్ని ఎంత శుభ్రంగా ఉంచావు నాయనా,” అన్నారు.