గిన్నె మునిగేలోగా

నాగబోధికి ఆ మధ్యాహ్నం ధ్యానం కుదరలేదు. కళ్ళు మూసుకుంటే చాలు, పొద్దున ఒక యువకుడు అడిగిన మాటే మళ్ళీ వినిపిస్తోంది.

సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉన్న ఆ బౌద్ధ విహారానికి సుమన స్థవిరులు పెద్ద. ఆయన శిష్యులందరిలోకీ నాగబోధి చురుకైనవాడు. ఆ ఏడు చదువుకుంటామని చాలామంది కొండెక్కి వచ్చారు. "వచ్చినవాళ్ళని కాస్త చూడు నాయనా, ఎవరికి ఏం నేర్పాలో తెలుస్తుంది" అని స్థవిరులు ఆ పని అతనికి అప్పగించారు.

నాగబోధి బాగా ఆలోచించి ఒక పరీక్ష తయారుచేశాడు. అడుగున సన్నని చిల్లు ఉన్న రాగిగిన్నెని నీళ్ళతొట్టిలో వదులుతాడు. అది మునిగేలోగా మూడు పనులు చెయ్యాలి. ఒక్కసారి విన్న నాలుగు పాదాల గాథని తిరిగి చెప్పాలి. పలక మీది పక్షుల బొమ్మలు చూసి, గుడ్డ కప్పాక వాటి పేర్లు చెప్పాలి. ముక్కలుగా ఉన్న చెక్క చక్రాన్ని కూర్చాలి.

చేసినవాళ్ళని లోపలికి పంపాడు. చెయ్యలేనివాళ్ళకి, చదువుకు తగిన తెలివి లేదు కాబట్టి ఇళ్ళకి వెళ్ళమని చెప్పాడు.

ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళ ఊరినుంచి వచ్చిన కొమ్మన మూడూ చెయ్యలేకపోయాడు. వాదించలేదు. చేతులు జోడించి ఒక్క మాట అడిగాడు.

"అయ్యా, ఇంటికి వెళ్ళి మా నాన్నతో ఏం చెప్పను? నాకు తెలివి లేదని చెప్పనా, ఇక్కడ చోటు లేదని చెప్పనా?"

నాగబోధి తర్వాతివాణ్ణి పిలిచాడు.

మధ్యాహ్నం ఇక ధ్యానంలో కూర్చోలేక లేచి గురువుగారి గదికి వెళ్ళాడు. జరిగిందంతా చెప్పాడు. స్థవిరులు తల ఊపుతూ విన్నారు.

"పరీక్షలో తప్పేమైనా ఉందా?"

"లేదు భంతే. అందరికీ ఒకే గిన్నె, అవే పనులు. ఎవరిమీదా పక్షపాతం చూపలేదు."

"అయితే నాకూ ఆ పరీక్ష పెట్టు. తీసుకురా."

నాగబోధి నవ్వబోయాడు. ఆయన అప్పటికే సర్దుకుని కూర్చున్నారు, కొత్త ఆట దొరికిన పిల్లవాడిలా. తొట్టీ గిన్నే తెచ్చి ముందు పెట్టక తప్పలేదు.

నాగబోధి గాథ చదివాడు. గట్టిగా, ఒక్కొక్క మాటా విడమరిచి చదివాడు.

"వాళ్ళకీ ఇంత మెల్లగానే చదివావా?"

"లేదు భంతే."

"ఊఁ" అని స్థవిరులు మొదటి పాదం చెప్పారు. రెండో పాదంలో గడ్డి మీది మంచు మాట వచ్చేసరికి అక్కడే ఆగిపోయారు. "ఎంత బాగుందో" అంటూ దాన్నే మళ్ళీ అనుకున్నారు. పలకని కళ్ళకి బాగా దగ్గరగా పెట్టుకుని చూశారు. చివరి పక్షి కాకో కోయిలో తేల్చుకోలేకపోయారు. చక్రం ముక్కలు తీసుకుంటే ఆయన వేళ్ళు వణికాయి. కూర్చిన ముక్క కూర్చినట్టే జారిపోయింది.

గిన్నె అంచుదాకా నీళ్ళు వచ్చాయి. దాన్ని వేలితో కాస్త పైకెత్తాలనిపించింది నాగబోధికి. చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

"మునిగిందా?"

"మునిగింది, భంతే."

"నేను ఏ పక్కకి వెళ్ళాలి? లోపలికా, ఇంటికా?"

నాగబోధి తొట్టిని పక్కకి జరిపాడు.

స్థవిరులు భిక్షాపాత్ర తీసుకున్నారు. పైవస్త్రం భుజాన వేసుకున్నారు. గోడ పట్టుకుని లేచి, వాకిలి దాటి, మెల్లగా మెట్లు దిగడం మొదలుపెట్టారు. కోపంగా లేరు. నిజంగానే ఊరికి బయల్దేరినవాడిలా ఉన్నారు. నాగబోధి గబగబా వెంట నడిచాడు.

కొండ కింద చివరి మెట్టు మీద కొమ్మన ఒక్కడే ఉన్నాడు. మిగిలినవాళ్ళు ఎండ తగ్గగానే వెళ్ళిపోయారు. నాన్నతో ఏం చెప్పాలో తేలక ఇతను కదల్లేదు. స్థవిరులు రావడం చూసి గబుక్కున లేచాడు.

"కూర్చో, కూర్చో. నన్నూ పంపేశారు" అంటూ ఆయన పక్కనే కూర్చున్నారు. "నువ్వెందుకు వచ్చావు ఇక్కడికి?"

కొమ్మన తలదించుకున్నాడు. "మా అమ్మ పోయినప్పుడు మీరు మా ఇంటికి వచ్చారు స్వామీ. ఏమీ మాట్లాడలేదు. మా నాన్న పక్కన పొద్దుగూకేదాకా కూర్చున్నారు. ఆ రాత్రి నాన్న నిద్రపోయాడు. అలా కూర్చోవడం నేర్చుకుందామని వచ్చాను."

ఎందుకు వచ్చావన్న ఆ ప్రశ్న తను ఎవరినీ అడగలేదని నాగబోధికి అప్పుడు గుర్తొచ్చింది.

"భంతే, పైకి రండి" అన్నాడు. "ఆ పరీక్ష మీకోసం కాదు."

"మరి ఎవరికోసం?"

"కళ్ళు బాగా కనిపించేవాళ్ళకి. చేతులు వణకనివాళ్ళకి. చిన్నప్పటినుంచి ఇంట్లో గాథలు వింటూ పెరిగిన..." అని ఆగిపోయాడు. కొమ్మన వైపు తిరిగాడు. "నువ్వు ఇంతకుముందు ఎప్పుడైనా గాథ విన్నావా?"

"ఇవాళే అయ్యా. ఏది విన్నా నాకు ఆలస్యంగానే వస్తుంది."

"నాకూ అంతే" అన్నారు స్థవిరులు.

నాగబోధి ఆయన కాళ్ళ దగ్గర మెట్టు మీద కూలబడ్డాడు. "ఆ గిన్నెని సముద్రంలో పారేస్తాను, భంతే."

"ఎందుకు? మంచి పరీక్ష చేశావు." ఆయన చెయ్యి అతని తల మీద ఆనింది. "గాథ ఎవరికి వెంటనే వస్తుందో, ఎవరికి రాదో చెప్పింది. అంటే నీ అవసరం ఎవరికి ఎక్కువో చెప్పింది. నువ్వు వాళ్ళనే పంపేశావు."

నాగబోధి తలెత్తి చూశాడు. దూరంగా, తాటితోపు దాటి, ఇసుక దారిలో తను పంపేసినవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్తున్నారు.

లేచి, కాషాయాన్ని మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, భిక్షువు పరుగెత్తకూడదన్న సంగతే మరిచిపోయి ఆ దారిన పడ్డాడు. ఆగమని కేకలు వేస్తున్నాడు. గాలికి అవి సగమే వినిపిస్తున్నాయి.

స్థవిరులు కొమ్మన భుజం మీద చెయ్యి వేసి, లేచి నిలబడి అటే చూస్తున్నారు.

"తెలివైనవాడు" అన్నారు.