ఓబులేసు కారు

కారును ఉన్నదున్నట్టు ఉంచాలా, మార్చాలా? హిమజకు అన్నం సయించకుండా చేసిన ప్రశ్న ఇదొక్కటే. వినేవాళ్లకు నవ్వొస్తుంది మరి. పెళ్లి గురించీ కాదు, ఉద్యోగం గురించీ కాదు, కారు స్ప్రింగులు మార్చాలా వద్దా అని ఒక ఆడపిల్ల కంచం ముందు కూర్చుని చేయి కడుక్కుంటోందంటే ఎవరు నవ్వరు? అయితే ఆ కారు ఎవరిదో తెలిస్తే నవ్వడానికి నోరు రాదు.

అది వాళ్లన్నది. పేరు ఓబులేసు. తాత పేరు పెట్టారని చిన్నప్పుడు ఏడ్చి, పెద్దయ్యాక అదే పేరును గొప్పగా చెప్పుకుని తిరిగిన మనిషి. నీలం రంగు హ్యాచ్‌బ్యాకు కొన్నాడు. చూడ్డానికి పిల్లల్ని బడి దగ్గర దింపి వచ్చే కారులా అమాయకంగా ఉంటుంది గానీ, లోపల ఉన్నది టర్బో ఇంజిను. కాలు కాస్త గట్టిగా ఆనిందంటే వీపు సీటుకు అతుక్కుపోతుంది. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వల చెరువు ఘాటు ఉంది కదా, అక్కడ క్లబ్బు కుర్రాళ్లు పెట్టుకునే కొండెక్కే పందెంలో ఆ కారుతో దిగాలని ఓబులేసు ముచ్చటపడ్డాడు. ముచ్చట తీరకముందే డెంగ్యూ జ్వరం వచ్చింది. ఆరడుగుల మనిషి, చూస్తుండగానే చేతుల్లోంచి జారిపోయాడు.

ఏడాది తిరిగి మళ్లీ పందెం వచ్చింది. అన్న ఎక్కాల్సిన కొండ తాను ఎక్కుతానంది హిమజ. ఇంట్లో ఎవరూ కాదనలేదు. కాదనే ఓపిక ఎవరికీ లేదు.

ఇక మొదలయ్యాయి సలహాలు. అన్న స్నేహితుడు సంపత్‌కు కార్లకు కొత్త సామాన్లు బిగించే కొట్టు ఉంది. "స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించుదాం. ఇంజిను మ్యాపు మార్చి పవరు పెంచుదాం. ఆ సైలెన్సరు పీకేసి మంచిది పెడదాం. ఓబీ ఉండుంటే ఈపాటికి ఇవన్నీ చేసుండేవాడు" అన్నాడు. బాబాయి వింటూనే మండిపడ్డాడు. "కంపెనీ వాళ్లకంటే మీకు ఎక్కువ తెలుసా? వాడు దానికి ఒక్క స్టిక్కరు కూడా అంటించలేదు. కొన్నది కొన్నట్టే ఉంచుకున్నాడు. వాడి గుర్తుగా మిగిలింది అదొక్కటే. ముట్టుకున్నారంటే మర్యాద దక్కదు" అన్నాడు.

ఇద్దరూ ఓబులేసు పేరే చెబుతారు. అడిగి తేల్చుకుందామంటే ఆ మనిషే లేడాయె.

పోనీలే, ఉన్నట్టే నడుపుదామని హిమజ ప్రాక్టీసుకు ఘాటు ఎక్కింది. ఒక ఎడమ మలుపులో కారు మాట వినలేదు. స్టీరింగు తిప్పాల్సినంత తిప్పలేక, బ్రేకు నొక్కాల్సినంత నొక్కలేకపోయింది. కారు రోడ్డు పక్కనున్న రాతిగోడను రాసుకున్నంత పని చేసి ఆగింది. గోడ అవతల లోయ. కాసేపు ఆమె స్టీరింగు మీద తల ఆనించి అట్లాగే ఉండిపోయింది. సంగతి విని సంపత్ "చూశావా, స్ప్రింగులు మెత్తన. నేను చెప్పలేదూ?" అన్నాడు.

మారిస్తే అన్న వదిలి వెళ్లిన కారు ఇక ఉండదు. మార్చకపోతే తాను లోయలో ఉంటుంది. ఆ రోజు సాయంత్రంలోగా స్టాండర్డు కార్ల తరగతిలో దిగుతుందో, మార్చిన కార్ల తరగతిలో దిగుతుందో క్లబ్బుకు చెప్పాలి. చెప్పకపోతే పేరు తీసేస్తారు. ఆ గడువు మెడ మీద పెట్టుకుని, పొద్దున్నే దస్తగిరి సారు దగ్గరికి పోయింది.

దస్తగిరి సారు ఘాటు రోడ్ల మీద బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. పొట్టివాడు. బస్సులో కూర్చుంటే బయటివాళ్లకు టోపీ తప్ప ఏమీ కనబడేది కాదని ఆయనే చెప్పి నవ్వుతాడు. ఇప్పుడు పందేలకు పోయే పిల్లలకు నడపడం నేర్పిస్తాడు. నేర్పిస్తాడంటే పాఠాలు చెబుతాడనుకునేరు. పక్క సీట్లో కూర్చుంటాడు, అంతే. అన్నాచెల్లెళ్లిద్దరూ ఆయన పాత జీపు మీద చేయి తిరిగినవాళ్లే. ఓబులేసు పోయాక ఆయన హిమజ ఇంటికి ఒక్కసారే వచ్చి, వాళ్లమ్మ ముందు కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

హిమజ వచ్చేసరికి ఆయన వాకిట్లో కూర్చుని టీలో బన్ను ముంచుకుని తింటున్నాడు.

"ఏం పాపా, పొద్దున్నే దిగినావు?"

ఆమె ఉన్నదంతా చెప్పింది. సంపత్ మాట చెప్పింది, బాబాయి మాట చెప్పింది, రాతిగోడ సంగతీ చెప్పింది. చివరికి "మీరే చెప్పండి సార్. మార్చాలా, వద్దా? అన్న ఏం కోరుకునేవాడో మీకు తెలిసుంటుంది" అంది.

ఆయన బన్ను చివరి ముక్క నోట్లో వేసుకున్నాడు. చేతులు దులుపుకున్నాడు.

"గువ్వల చెరువు కోవా తిని చాన్నాళ్లయింది. పద పోదాం."

హిమజకు ఒళ్లు మండింది. ఇక్కడ ప్రాణం మీదికి వస్తే ఈయనకు కోవా కావాల్సి వచ్చింది! అయినా గురువు కదా, నోరు మూసుకుని కారు తీసింది.

ఊరు దాటారు. ఘాటు మొదలైంది. అందరూ రోడ్డు చూస్తే ఆయన మాత్రం హిమజ కాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. బ్రేకు మీద ఆమె పాదం ఆనడం లేదు, బొటనవేలి కొస మాత్రం ఆనుతోంది. చేతులు బారచాపినట్టు చాచి స్టీరింగు పట్టుకుంది. వీపు వెనక ఇంట్లో పడుకునే దిండు ఒకటి ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా ఆ దిండు పక్కకు జారుతోంది. అది జారినప్పుడల్లా ఆమె పడిపోకుండా స్టీరింగునే పట్టుకుని వేలాడుతోంది. వెనకాల లారీ హారన్ కొడితే అద్దంలో చూడకుండా మెడ తిప్పి చూసింది. దస్తగిరి సారు వంగి, ఆమె తల పక్కన తల పెట్టి ఆ అద్దంలోకి చూశాడు. అందులో కారు పైకప్పు కనబడుతోంది.

"ఆడ కాస్త జాగా ఉంది, ఆపు" అన్నాడు.

రోడ్డు పక్కన వెడల్పుగా ఉన్న చోట ఆపింది. హ్యాండు బ్రేకు వేసింది.

"సీటు ముందుకు జరగదా? చెడిపోయిందా?"

హిమజ స్టీరింగు మీది దుమ్ము తుడిచింది.

"అడిగేది నిన్నే పాపా."

"చెడిపోలేదు సార్" అంది తల దించుకుని. "అన్న పెట్టుకున్నది అది. చివరిసారి వాడు దిగినప్పుడు ఎట్లుందో అట్లే ఉంది. ఆ అద్దం కూడా. జరిపితే మళ్లీ ఎక్కడుండేదో తెలీదు కదా సార్."

ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి అది. అమ్మకు కూడా తెలియదు. కారు కడిగేటప్పుడు హిమజ లోపల తుడవడానికి కూడా ఎవరినీ రానిచ్చేది కాదు. చెప్పేశాక ఆమెకు సిగ్గేసింది. పిచ్చిదనుకుంటాడేమోనని భయమేసింది.

ఆయన ఏమీ అనుకున్నట్టు కనబడలేదు. "దిగు, నేను నడుపుతా" అన్నాడు.

ఆమె దిండు తీసుకుని దిగింది. దస్తగిరి సారు డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. ఆరడుగుల ఓబులేసు సీటు అది. అందులో ఆ ముసలాయన సోఫాలో కూర్చోబెట్టిన చంటిపిల్లాడిలా ఉన్నాడు. కాళ్లు చాపితే బూట్ల మొనలు పెడల్స్‌ను అందీ అందకుండా ఆగిపోయాయి. ఆయన పట్టించుకోలేదు. తాళం తిప్పాడు. టర్బో ఇంజిను గుర్రుమంది. కిటికీలోంచి చూస్తున్న హిమజకు మొదట నవ్వొచ్చింది. ఆయన క్లచ్చు సగం కూడా నొక్కకుండానే గేరు మీద చేయి వేశాడు. కర్రుమని చప్పుడొచ్చింది. కారు ముందుకు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. కారు ముక్కు లోయ వైపు ఉంది.

"సార్!"

ఆయన మళ్లీ తాళం తిప్పాడు. ఈసారి హ్యాండు బ్రేకు మీదికి చేయి పోయింది.

"సార్, వద్దు! మీకు బ్రేకు అందడం లేదు!"

"అందకపోతే ఏంలే. ఏదో ఒకటి చేస్తా."

"అయ్యో, ఏంది సార్ మీరు! సీటు ముందుకు జరుపుకోండి!"

"జరపను. ఓబులేసు పెట్టింది కదా."

హిమజ తలుపు పిడి పట్టుకుంది. ఆయన ఆమె వైపు చూడలేదు. ముందుకు చూస్తూ, చేయి ఆ బ్రేకు మీదే పెట్టుకుని కూర్చున్నాడు. ఈ మనిషి అన్నంత పనీ చేసే రకమని ఆమెకు తెలుసు.

తలుపు లాగి తెరిచింది. వంగి, సీటు కింద చేయి పెట్టి, కడ్డీ పైకెత్తి, సీటును ఆయనతో సహా ముందుకు తోసింది. అది టకటకమని గాడిలో జరిగి ఒక చోట కూర్చుంది. ఆయన బూట్లు పెడల్స్ మీద పూర్తిగా ఆనాయి.

అంతే, అక్కడే రోడ్డు మీద చతికిలబడింది. ఏడుపు వచ్చింది. అన్న పోయిన రోజు రాని ఏడుపు, అమ్మను పట్టుకోవాల్సి వచ్చి ఆపుకున్న ఏడుపు, అంతా ఇప్పుడు వచ్చింది. లారీలు పోతూనే ఉన్నాయి. దస్తగిరి సారు ఇంజిను ఆపి, దిగి, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఊరుకోమనలేదు. చాలాసేపటికి ఒక్క మాట అన్నాడు.

"నా జీపు ఎక్కిన మొదటి రోజు మీ అన్న ఏం చేసినాడో తెలుసా? నన్ను అడగను కూడా అడగకుండా నా సీటు వెనక్కి తోసేసినాడు. పొగరుబోతు."

హిమజ ఏడుస్తూనే నవ్వింది. అన్నను ఎవరైనా తిట్టి ఏడాదయింది.

లేచి మొహం తుడుచుకుంది. డ్రైవరు సీట్లో కూర్చుని, తన కాళ్లకు సరిపోయేలా సీటు సర్దుకుంది. అద్దం కిందికి వంచింది. పైకప్పు పోయి, ఎక్కి వచ్చిన రోడ్డంతా అందులో కనబడింది. దిండును వెనక సీట్లోకి విసిరింది.

తర్వాతి మలుపు దగ్గర బ్రేకు నొక్కితే కారు నొక్కినంత ఆగింది. తిప్పితే తిప్పినంత తిరిగింది. ఆ పైది కూడా అంతే. ఓర్నీ, ఇదా ఈ కారు! అనుకుంది హిమజ. ఏడాదిగా నడుపుతోంది గానీ ఇంత మంచి కారని ఆమెకు ఇప్పుడే తెలిసింది. అన్న ఎందుకు దీని మీద పడి చచ్చాడో కూడా ఇప్పుడే తెలిసింది. పక్కన దస్తగిరి సారు ఈసారి ఆమె కాళ్ల వైపు చూడకుండా కొండలు చూస్తున్నాడు.

పైన కోవా కొట్టు దగ్గర ఆగారు. ఆయన ఆకులో కోవా పెట్టించుకుని, కళ్లు సగం మూసుకుని తింటుంటే క్లబ్బు నుంచి ఫోను వచ్చింది. ఏ తరగతి రాసుకోమంటావమ్మా అని.

హిమజ కాసేపు కారు వైపు చూసింది.

"స్టాండర్డు రాసుకోండన్నా. ఇది ఎట్ల పోతుందో నాకింకా పూర్తిగా తెలీదు."

ఫోను పెట్టేశాక దస్తగిరి సారు అడిగాడు. "ఆ తర్వాత సంపత్‌తో మార్పిస్తావా?"

"ఏమో సార్. నడిపి చూస్తా. నాకు చాలకపోతే మార్పిస్తా."

"మీ బాబాయి తిడతాడు."

"తిట్టనీండి."

ఆయన ఆకు మడిచి పారేసి, తాళం కోసం చేయి చాపాడు. "దిగేటప్పుడు నేను నడుపుతా. ఈ టర్బో మోజు నాకూ తీరాల." డ్రైవరు సీట్లో కూర్చోగానే సీటు తనకు కావలసినంత జరుపుకున్నాడు, అద్దం తన కళ్లకు తిప్పుకున్నాడు. హిమజ వెళ్లి పక్క సీట్లో కూర్చుంది. ముసలాయన ఘాటు దిగిన తీరుకు కోవా గొంతులోకి వచ్చినంత పనయింది గానీ, ఆ సంగతి వేరు.

వాకిట్లో కారు ఆపి ఆయన దిగాడు. వెనక తలుపు తీసి దిండు చంకలో పెట్టుకున్నాడు.

"నా కుర్చీకి దిండు లేదు. ఇది నాకుండనీ" అని లోపలికి వెళ్లిపోయాడు.

హిమజ డ్రైవరు సీట్లోకి మారింది. చేయి దానంతట అదే సీటు కిందికి పోయింది, సీటు కాస్త జరిగింది. అద్దం సర్దుకుంది. తాళం తిప్పింది. ఏం చేసిందో ఆమెకు వీధి మలుపు తిరిగాక తట్టింది. కారు ఆపలేదు, పోనిచ్చింది.